వాడిన నీళ్ళతో వాడని పుదీనా

బజారు నుంచి పుదీనాకట్ట తెచ్చుకున్న రోజున మన ఇళ్ళల్లో జరిగే తంతు ఒకటే. సగం కట్ట ఆ పూట పచ్చడికో, పలావుకో పోతుంది. మిగిలిన సగం "రేపు వాడుకుందాంలే" అని ఓ మూల పెడతాం. ఆ రేపు రానే రాదు. మూడోనాడు చూస్తే ఆకు నల్లబడి, కట్టు కట్టినచోట కుళ్ళి, చేతికి జిగటగా తగులుతుంది. డబ్బు పెట్టి కొన్నదానిలో సగం చెత్తబుట్టకు! కొత్తిమీర సంగతీ అంతే గాని, పుదీనా విషయంలో ఈ నష్టం మరీ అన్యాయం. ఎందుకంటే ఆ పారేసిన కాడలలోనే వచ్చే నెల పంట ఉన్నది.

ఈ సంగతి నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు. చక్రాయపేటలో ఒక అవ్వ చెప్పింది.

మా ఆడబిడ్డ అత్తవారి ఊరు చక్రాయపేట. కడప జిల్లాలో పులివెందుల ప్రాంతపు మండలం. వేంపల్లెకు దక్షిణాన ఉన్నది. శ్రావణమాసంలో ఒక శనివారం గండి ఆంజనేయస్వామి దర్శనం చేసుకుని, మధ్యాహ్నం భోజనాల వేళకు వాళ్ళింటికి చేరాం. శ్రావణమన్న మాటే గాని ఎండ మండిపోతున్నది. పెరట్లో ఒక వేపచెట్టు, దాని కింద కట్టెలమోపు, నాలుగు కోళ్ళు, అంతే. అటువంటి పెరట్లోకి మా ఆడబిడ్డ అత్తగారు కత్తెర పట్టుకుని వెళ్ళి, రెండు నిమిషాలలో ఒడినిండా పుదీనా కోసుకుని వచ్చింది. ఆవిడను వీధిలో అందరూ అవ్వ అనే పిలుస్తారు. నేనూ అంతే.

ఆ పుదీనాను వేయించిన చెనిక్కాయలతో రోట్లో నూరి, రాగిసంగటి ముద్ద పక్కన పెట్టింది. ఆ రుచి సంగతి తరువాత చెబుతాను. ముందు నాకు కలిగిన సందేహం చెప్పాలి. బిందెలు లెక్కపెట్టుకుని నీళ్ళు పట్టుకునే ఇల్లు అది. పుదీనా చూస్తే నీళ్ళంటే ప్రాణం పెట్టే మొక్క. ఈ రెంటికీ పొత్తు ఎలా కుదిరింది?

అవ్వనే అడిగాను.

"దానికని నీళ్ళు యాడ తెచ్చేది పాపా? బియ్యం కడిగినవి, పప్పు కడిగినవి, కూరాకు కడిగినవి... అవే. మనం వాడుకున్నాక మిగిలింది అది తాగుతాది" అన్నది.

నేను గంటన్నరసేపు ఆ పెరట్లోనే కూర్చున్నాను. అక్కడ నేర్చుకున్నదీ, ఆ తరువాత నేను చదివి, చేసి చూసుకున్నదీ కలిపి ఇక్కడ చెబుతున్నాను.

కడవపెంకులో దాగిన తోట

కర్ణాటకలో నందికొండల దగ్గర పుట్టిన పాపాఘ్ని నది గండి దగ్గర కొండలను చీల్చుకుని వచ్చి, కమలాపురం దగ్గర పెన్నలో కలుస్తుంది. ఏరు పక్కనే ఉన్నదన్న మాటే గాని, ఏడాదిలో చాలా నెలలు అందులో ఇసుకే కనబడుతుంది. జిల్లా మొత్తం మీద కురిసే వాన ఏడాదికి 700 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. అదీ వేళకు కురిస్తే. అన్నట్టు, తెలుగునాట నాటకానికి పేరు తెచ్చిన సురభి సమాజం 1885లో పుట్టిన సురభి గ్రామం ఈ మండలంలోనిదే. సురభి అంటే పరిమళం కదా! నీటికి కటకటే గాని, ఆ గడ్డ మీద పరిమళానికి కరువు లేదన్న మాట.

కొన్నేళ్ళ కిందట ఒక వేసవిలో అవ్వావాళ్ళ వీధిలో బోరు ఎండిపోయింది. ట్యాంకరు వచ్చిన రోజున ఇంటికి ఇన్ని బిందెలని లెక్క. బియ్యం కడిగిన నీళ్ళు కూడా గేదె కుడితిలోకి పోవలసిన రోజులు. అప్పుడు మా ఆడబిడ్డ, "అత్తా, ఈ యేడు పుదీనా పీకేద్దాం. మనుషులకే నీళ్ళు లేవు" అన్నదట.

ఆ మాట కాదనడానికి లేదు. అవ్వ కూడా కాదనలేదు. మడినంతా నేలమట్టానికి కోసేసింది. కాని వేళ్ళున్న తీగలు నాలుగు తీసి, పగిలిన కడవపెంకులో ఇంత మట్టి వేసి అందులో పాతింది. ఆ పెంకును తాగేనీళ్ళ కుండ కింద, గోడనీడను పెట్టింది. మట్టికుండ చెమ్మగిల్లి కారే చుక్కలే దానికి తడి. రెండు నెలలు అలా గడిచాయి. ఉన్న ఆకులు రాలిపోయాయి. కాడలు ఎండి పుల్లలయ్యాయి. చచ్చిందనే అందరూ అనుకున్నారు. వాన పడ్డ వారం పది రోజులకు, ఆ పుల్లల పక్కన మట్టిలోంచి ఆవగింజంత చిగుళ్ళు తలెత్తాయి.

ఆ వేసవిలో ఆ వీధిలో పుదీనా ఉన్న తక్కిన నాలుగిళ్ళలోనూ అది పూర్తిగా పోయింది. మళ్ళీ వాళ్ళ పెరళ్ళలోకి వెళ్ళింది ఈ కడవపెంకులోదే. అడిగిన వాళ్ళందరికీ అవ్వ తలా నాలుగు కొమ్మలు ఇచ్చింది. "పుణ్యానికి కాదు పాపా. మళ్ళీ నాది పోతే ఆ యిండ్లల్లో ఉంటాది గదా" అన్నది నవ్వుతూ.

ఇందులో ఎంత లోకజ్ఞానం ఉన్నదో చూడండి. ధాన్యమైతే గాదెలో దాచుకుంటాం. గోరుచిక్కుడు, బెండ అయితే గింజలు బూడిదలో కలిపి ఉట్టి మీద పెట్టుకుంటాం. పుదీనా మాత్రం ఏదో ఒక ఇంట్లో ప్రాణంతో ఉంటేనే రేపు ఉంటుంది.

గింజ కంటె కొమ్మ మేలు

పుదీనాలో రకాలు చాలా ఉన్నాయి. మన కూరగాయల బజారులో దొరికేది ఎక్కువగా ఇంగ్లీషువారు స్పియర్‌మింట్ అనే జాతి. బిళ్ళలలోనూ, పళ్ళపొడులలోనూ ఘాటుగా తగిలే పిప్పర్‌మెంటు వేరు. అది స్పియర్‌మింట్‌కూ, నీటిపుదీనా అనే మరొక జాతికీ పుట్టిన సంకరం. సంకరం గనుక దానికి మొలకెత్తే గింజ పట్టదు. స్పియర్‌మింట్‌కు గింజ పట్టినా, పుదీనాలు ఒకదానితో ఒకటి తేలికగా కలిసిపోయే జాతులు కావడంచేత, గింజ నుంచి వచ్చిన మొక్కకు తల్లి వాసన ఉంటుందన్న నమ్మకం లేదు. దుకాణాలలో గింజల పొట్లాలు అమ్ముతున్నారు గాని, వాటికి డబ్బు పెట్టడం కంటె పచ్చడికి తెచ్చిన కట్టలోంచి నాలుగు కాడలు దాచుకోవడం నయం.

కాడను ఎంచుకోవడంలో కొంచెం చూపు కావాలి. మరీ లేతదైతే కుళ్ళుతుంది. మరీ ముదిరి చెక్కబారితే వేరు పట్టదు. బెత్తెడు పొడవున్న, గట్టి పచ్చని కాడ మంచిది. ఆకులు జంటగా పుట్టే చోటును కణుపు అంటాం. ఆ కణుపుకు కొంచెం దిగువను కోయాలి. కింది ఆకులు తుంచేసి, పైన నాలుగో ఆరో ఉంచి, గాజుగ్లాసులో రెండంగుళాల నీళ్ళు పోసి అందులో నిలబెట్టాలి. ఆకు నీళ్ళలో మునగకూడదు. ఎండ సూటిగా తగలని కిటికీలో పెట్టి, రెండు రోజులకొకసారి నీళ్ళు మార్చితే వారం, పది రోజులలో కణుపుల దగ్గర తెల్లని వేళ్ళు దారాల్లా దిగుతాయి. పిల్లలున్న ఇంట్లో ఇదొక మంచి వినోదం. పొద్దున్నే లేచి "ఇవాళ ఎంత పెరిగింది?" అని కొలవని పిల్లవాడు ఉండడు.

వేళ్ళు అంగుళం పొడుగైనాక మట్టిలోకి మార్చాలి. పొరుగింట్లో పుదీనా ఉంటే ఈ గ్లాసు ఉపచారం కూడా అక్కరలేదు. నేల మీద పాకే తీగకు కణుపు కణుపునా వేళ్ళుంటాయి. దాన్ని తెచ్చి, అడ్డంగా పడుకోబెట్టి, రెండంగుళాల మట్టి కప్పితే చాలు.

కాపురానికి తగిన కుండీ

పుదీనాను నేలలో విడిచిపెడితే అది ఊరుకోదు. ఏడాది తిరిగేసరికి పక్కనున్న తోటకూర మడిలోకీ, గులాబీ పాదులోకీ చొరబడుతుంది. చోటు ఉన్నది కదా అని చంక ఎక్కే చుట్టం లాంటిది. అందుచేత తొట్టిలోనే పెట్టడం క్షేమం. నేలలోనే పెంచాలనుకుంటే అడుగు ఊడిన పాత బకెట్టును భూమిలోకి దించి, అంచు రెండంగుళాలు పైకి ఉండేటట్టు చూసి, అందులో నాటాలి.

తొట్టి లోతు కంటె వెడల్పు ముఖ్యం. పుదీనా వేళ్ళు పైపైనే పాకుతాయి గనుక ఎనిమిదంగుళాల లోతు, అడుగు వెడల్పు ఉంటే సరిపోతుంది. పాత బొక్కెన, పగిలిన కడవ, రంగుల డబ్బా ఏదైనా సరే. రంగుల డబ్బాను మాత్రం బాగా కడిగి ఎండబెట్టాలి. అడుగున మూడు నాలుగు చిల్లులు తప్పనిసరి. నీళ్ళంటే ఇష్టమే గాని, వేళ్ళు నీళ్ళలో నానితే పుదీనా నాలుగు రోజులలో కుళ్ళిపోతుంది. తొట్టి కింద పళ్ళెం పెట్టే అలవాటుంటే, అందులో నీరు నిలవకుండా ఒంపేస్తూ ఉండాలి. డెంగీ జ్వరాన్ని మోసే దోమ గుడ్లు పెట్టేది ఇటువంటి నిలవనీటిలోనే.

మట్టి కలపడానికి అవ్వ లెక్క సులువైనది: ఎర్రమట్టి రెండు పాళ్ళు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక పాలు, వంకలో ఇసుక ఒక పాలు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు ప్రాంతాలలో మాదిరి నల్లరేగడి అయితే ఇసుక మరికొంచెం పెంచాలి. ఆ మట్టి నీటిని పట్టుకుంటే వదలదు. పచ్చిపేడ మాత్రం వెయ్యకండి. మాగని ఎరువు వేడికి వేళ్ళు మాడిపోతాయి.

ఇక ఎండ. పుదీనా చల్లటి దేశాలలో రోజంతా ఎండను కోరుతుంది. అక్కడివారు రాసిన పుస్తకం చదివి, కడప జిల్లాలో చైత్రవైశాఖాల ఎండలో పెట్టామంటే మధ్యాహ్నానికి వడలి, వారానికి మాడుతుంది. ఉదయపుటెండ మూడు నాలుగు గంటలు తగిలి, పన్నెండు దాటాక నీడ ఉండే తూర్పువైపు గోడవార మంచి చోటు. వేపచెట్టు పలచని నీడ అన్నిటికంటె మేలు. పట్టణంలో మేడమీద కాపురమున్నవారు తూర్పు వరండాలో పెట్టుకోవచ్చు.

ఏ నీళ్ళు పోయాలి? ఏవి పోయకూడదు?

అడుగు వెడల్పు తొట్టికి మామూలు రోజులలో ఒక చెంబు, మండువేసవిలో పొద్దునొకటి, సాయంత్రమొకటి, రెండు చెంబులు చాలు. నలుగురున్న ఇంట్లో బియ్యం, పప్పు కడిగినవే అంతకంటె ఎక్కువ వస్తాయి. వేలు అంగుళం లోతుకు దింపి చూస్తే తడి తెలుస్తుంది. తడి ఉంటే ఆ పూట మానెయ్యవచ్చు.

వాడిన నీళ్ళన్నీ ఒకటి కావు. బియ్యం, పప్పు, కూరగాయలు కడిగినవి నిశ్చింతగా పోయవచ్చు. ఉప్పు వేసి ఉడకబెట్టిన నీళ్ళు పనికిరావు. సబ్బునీళ్ళూ, బట్టలపొడి నీళ్ళూ తినే ఆకుకు పోయకూడదు. వాటిలోని సోడా మట్టిలో పేరుకుని మొక్కను చంపుతుంది. ఈ రోజులలో చాలా ఇళ్ళలో నీళ్ళు శుద్ధిచేసే యంత్రాలు ఉన్నాయి కదా. వాటి గొట్టంలోంచి బయటికి పోయే నీటిని చూసి "అయ్యో, వృథా!" అని మొక్కలకు పోసేవారున్నారు. అసలే బోరునీళ్ళు ఉప్పగా ఉండే ఊళ్ళలో, ఆ యంత్రం తోసివేసే నీటిలో ఉప్పు ఇంకా చిక్కబడి ఉంటుంది. గచ్చు కడగడానికి అవి పనికివస్తాయి గాని పుదీనాకు రోజూ పోయకండి. తొట్టి అంచున తెల్లని పొడి కట్టిందంటే ఉప్పు పేరుకున్నదని గుర్తు. వానపడినప్పుడు తొట్టిని చూరు కిందకు జరిపితే ఆ వాననీరే ఉప్పును కడిగేస్తుంది.

కోయకపోతే ముసలిదవుతుంది

కొత్తగా పెంచేవారు చేసే పెద్ద పొరపాటు నీళ్ళ విషయంలో కాదు, కోత విషయంలో. ముద్దుగా పెరుగుతున్నదని కోయడానికి చెయ్యి రాదు. పైనున్న రెండాకులు మాత్రం గిల్లుకుని మురిసిపోతారు. ఆ మొక్క సన్నగా, పొడుగ్గా సాగి, అడుగున ఆకులన్నీ రాల్చుకుని, చివర లేత ఊదారంగు పూలు పూస్తుంది. పూత మొదలైందంటే ఆకు చిన్నదవుతుంది, రుచి చేదెక్కుతుంది.

"కోయల్ల పాపా. కోయకుంటే ముసిలిదై పోతాది" అన్నది అవ్వ. ఆ మాటకు అర్థం ఉన్నది. కొమ్మ చివర చిగురు ఉన్నంతకాలం అది కింది కణుపులలోని మొగ్గలను పెరగనివ్వదు. పెద్దకోడలు ఉండగా చిన్నకోడళ్ళు నోరు మెదపనట్టు! ఆ తల తీసేస్తే ప్రతి కోత కిందా రెండేసి కొమ్మలు బయలుదేరుతాయి. ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి.

నాటిన ఆరు, ఎనిమిది వారాలకు మొక్క జానెడు ఎత్తు అవుతుంది. అది మొదటి కోతకు వేళ. మట్టికి రెండంగుళాలు విడిచిపెట్టి, కణుపుకు కాస్త ఎగువను కత్తెరతో కోయాలి. చేత్తో లాగితే వేళ్ళు కదులుతాయి. మంచు ఆరిన తరువాత, ఎండ ముదరక ముందు కోసిన ఆకుకు వాసన ఎక్కువ. పుదీనా వాసనంతా ఆకు పైనున్న కంటికి ఆననంత చిన్న తిత్తులలోని నూనెది. పూతకు వచ్చేముందు ఆ నూనె నిండుగా ఉంటుంది. అందుచేత ఎండబెట్టుకోవడానికి కోసేవారు ఆ అదను చూసుకోవాలి.

కోత అయినాక గుప్పెడు మాగిన ఎరువు చల్లి తడిపితే నాలుగు వారాలకు మళ్ళీ కోతకు వస్తుంది. అవ్వ దగ్గర మరొక కిటుకు ఉన్నది. తొట్టినంతా ఒకేసారి కోయదు. మూడు భాగాలు అనుకుని, పది రోజులకొక భాగం కోస్తుంది. మూడోది కోసేనాటికి మొదటిది ఎదిగి ఉంటుంది. ఇంట్లో పుదీనా లేని వారం ఉండదు.

రెండేళ్ళకొకసారి తొట్టిని బోర్లించి, అల్లుకుపోయిన వేళ్ళను ముక్కలు చేసి, కొత్తమట్టిలో నాటాలి. లేకపోతే నడిమి భాగం ఎండిపోయి అంచుల వెంట మాత్రమే ఆకు వస్తుంది. మిగిలిన ముక్కలు పారేయకుండా పొరుగువారికి ఇవ్వండి. ఎందుకో ముందే చెప్పాను.

ఈ మొక్కకు చీడలు తక్కువే. ఆకు అడుగున ఇటుకరంగు చుక్కలు పొక్కితే అది తుప్పుతెగులు. మొక్కను నేలమట్టానికి కోసి, ఆ ఆకును ఎరువుగుంటలో వేయకుండా దూరంగా పారేయాలి. సాయంకాలం ఆకులు తడిసేటట్టు నీళ్ళు చల్లడం ఈ తెగులుకు పిలుపు పెట్టడమే, మొదట్లో పోయాలి. మండువేసవిలో ఆకు పాలిపోయి, అడుగున సాలెగూడు వంటి పోగులు కనబడితే ఎర్రనల్లి పట్టిందన్న మాట. ఆకుల అడుగుభాగం తగిలేటట్టు నీళ్ళతో గట్టిగా కడిగితే చాలావరకు పోతుంది. గొంగళిపురుగులను ఏరివేయడం కంటె మంచి మందు లేదు.

పేరు పారశీకం, ఊరు ప్రపంచం

పుదీనా అనే మాట పారశీకం నుంచి మనకు వచ్చింది. గ్రీకుల పురాణంలో మింథే అనే సుందరిని యమలోకపు రాణి అసూయతో కాలరాచివేస్తే ఆమె ఈ మొక్కగా మారిందని కథ. ఎంత తొక్కితే అంత పరిమళం రావడం చూసి అల్లిన కథ అయి ఉంటుంది. మొరాకోలో అతిథికి పుదీనాతేనీరు ఇవ్వకపోతే మర్యాద కాదు. ఇంగ్లీషువారు గొర్రెమాంసంతో పుదీనా పులుసు నంజుకుంటారు.

నోట్లో వేసుకుంటే చల్లగా ఎందుకు ఉంటుందన్నది చాలాకాలం విడని చిక్కు. పిప్పర్‌మెంటులోనూ, జపాను పుదీనాలోనూ మెంథాలు అనే పదార్థం ఉన్నది. చల్లదనాన్ని పసిగట్టే నరాల కొసల్లో ఉండే ఒక ప్రోటీనును అది కదిలిస్తుందని 2002లో తేల్చారు. చలి లేకపోయినా చలి అన్న కబురు మెదడుకు పోతుంది. ఒళ్ళు చల్లబడేదేమీ లేదు. అదొక తీయని మోసం! ఆ ప్రోటీనును విడివిడిగా కనిపెట్టిన డేవిడ్ జూలియస్, ఆర్డెం పటపూటియన్‌లకు వేడిని, స్పర్శను మనం ఎలా గ్రహిస్తామో తేల్చిన కృషికి 2021లో వైద్యశాస్త్రపు నోబెల్ బహుమతి వచ్చింది. మన వంటింటి స్పియర్‌మింట్‌లో ఈ మెంథాలు చాలా తక్కువ. దాని వాసన కార్వోన్ అనే మరో పదార్థానిది.

రెండవ ప్రపంచయుద్ధానికి ముందు మెంథాలుకు జపానుదే పేరు. ఇప్పుడు మెంథాలు పుదీనా నూనెలో మన దేశమే ముందున్నది. ఉత్తరప్రదేశ్‌లో బారాబంకీ, బదాయూఁ, రాంపూర్ వంటి జిల్లాలలో రైతులు దీన్ని పొలాలకు పొలాలే వేస్తారు. 1959లో ఏర్పడి లక్నోలో ఉన్న కేంద్ర ఔషధ, సుగంధ మొక్కల పరిశోధనాసంస్థ ఇందుకు మేలు రకాలు తయారుచేసింది. అయితే అది వేసవి పైరు. పదేపదే తడులు కావాలి. భూమిలోని నీరు తరిగిపోతున్నదన్న దిగులు అక్కడా ఉన్నది. ఇంటి తొట్టిలోని పుదీనాకు ఆ దోషం లేదు. మనం పారబోసేదే అది తాగుతుంది.

రోట్లోకి, సీసాలోకి

ఇక అవ్వ ఊరిబిండి సంగతి. వేయించి పొట్టు తీసిన చెనిక్కాయ విత్తనాలు గుప్పెడు, పచ్చిమిరపకాయలు ఆరు, చింతపండు చిన్న ఉసిరికాయంత, వెల్లుల్లి నాలుగు రెబ్బలు, తగినంత ఉప్పు. మిరపకాయలు నూనెలో మగ్గించి దించేముందు రెండు గుప్పెళ్ళ పుదీనా వేసి, ఆకు వడలగానే దించెయ్యాలి. నల్లబడేదాకా వేయిస్తే వాసన పొగలో కలిసిపోతుంది. చెనిక్కాయలు బరకగా నూరి, ఆ పైన తక్కినవి చేర్చి నూరాలి. వేడి సంగటిలో గుంట చేసి, నెయ్యి వేసి, దీనితో తింటే ఆ పూట మరొక కూర గుర్తుకు రాదు.

మిగిలిన ఆకును కాడలతో సహా గ్లాసుడు నీళ్ళలో పువ్వుల మాదిరి నిలబెడితే మూడు నాలుగు రోజులు ఉంటుంది. తడిబట్టలో చుట్టి ఫ్రిజ్‌లో పెడితే వారం నిలుస్తుంది. ఎండబెట్టదలిస్తే నీడలోనే ఆరబెట్టాలి. ఎండలో పెడితే నల్లబడి వాసన పోతుంది. గలగలలాడాక సీసాలో పోసి మూత బిగిస్తే మజ్జిగలోకీ, చారులోకీ నెలల తరబడి పనికివస్తుంది.

చివరగా ఆరోగ్యం మాట. పుదీనాలో ఇనుము, జీవసత్వాలు ఉన్నమాట నిజమే గాని, మనం తినే నాలుగాకులతో రక్తహీనత తీరదు. అటువంటి జబ్బుకు వైద్యుని దగ్గరకే వెళ్ళాలి. పచ్చడి నోటికి హితవుగా ఉండి రెండు ముద్దలు ఎక్కువ తినిపిస్తుంది. ఛాతీలో మంట ఉన్నవారికి పుదీనా కొందరిలో ఆ మంటను పెంచుతుంది. వారు చూసుకుని తినాలి. అన్నిటికంటె ముఖ్యమైనది ఒకటి. చంటిపిల్లలకు పడిశం పట్టినప్పుడు పిప్పర్‌మెంటు నూనెగాని, మెంథాలు కలిసిన లేపనాలుగాని ముక్కు దగ్గర, ముఖానికి రాయకండి. ఆ ఘాటుకు పసివాళ్ళకు ఊపిరి పట్టివేసే ప్రమాదం ఉన్నది. రెండేళ్ళలోపు పిల్లలకు వాటిని దూరంగానే ఉంచాలి. పచ్చడిలో ఉన్నంతవరకే పుదీనా మన చుట్టం.

తిరిగి వచ్చిన కొమ్మ

ఆ సాయంత్రం మేము బస్సెక్కేముందు అవ్వ ఒక తడిగుడ్డలో గుప్పెడు తీగలు చుట్టి ఇచ్చింది. "బతికినాక నలుగురికి ఇయ్యి" అన్నది. ఇంటికి వచ్చి రెండు తొట్లలో నాటాను. బతికింది. పక్కవాటా వారికి కొంత, ఎదురింటివారికి కొంత ఇచ్చాను. మరుసటి వేసవిలో మా అమ్మాయి పురిటికని నెలన్నర ఊరికి వెళ్ళవలసి వచ్చింది. నీళ్ళు పోయమని ఎవరికీ చెప్పకుండా తాళం వేసుకుని వెళ్ళాను. తిరిగివచ్చి చూసేసరికి రెండు తొట్లలోనూ ఎండుపుల్లలు, నెర్రెలిచ్చిన మట్టి. కుండ కింద పెంకు పెట్టే తెలివి నాకు రాలేదు మరి!

తలుపు తీసిన అలికిడి విని, ఎదురింటావిడ మనవణ్ణి చూస్తామని వచ్చింది. చేతిలో పుదీనాకట్ట. "మీరిచ్చిన మొక్కే వదినగారూ, మా ఇంట్లో పట్టలేనంత పెరిగింది. బాలింతరాలికి కాదు, మీకే" అన్నది.

ఆకు పచ్చడికి వాడాను. కాడలు నాలుగు గ్లాసులో పెట్టాను. ఇది రాసే వేళకు వేళ్ళు అంగుళం దిగాయి. రేపో మాపో మట్టిలోకి మార్చాలి. బియ్యం కడిగిన నీళ్ళు చెంబులో పట్టి ఉంచమని ఇంట్లో చెప్పాను.